ఆరో సెషన్ నిజంగా జరిగిందా?

ఆ రోజు ఎనిమిదో తరగతి గదిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. పిల్లలు పొగాకు, మద్యం, మత్తుమందుల జోలికి పోకుండా చూసే ప్రోగ్రాం, మొత్తం పన్నెండు సెషన్లు. ఆ రోజు ఆరోది. స్నేహితుడు సిగరెట్ చేతికిస్తే ఎలా వద్దనాలో పిల్లలు జంటలుగా నటించి చూడాలి. టీచర్ మాన్యువల్ తెరిచి చదువుతోంది. "ఇప్పుడు విద్యార్థులు ఇద్దరిద్దరుగా విడిపోయి పది నిమిషాలు సాధన చేస్తారు" అన్న వాక్యాన్ని కూడా గట్టిగా చదివి, పేజీ తిప్పి, తర్వాతి పేరా అందుకుంది.

పిల్లలెవరూ కదల్లేదు. కదలాలని వాళ్ళకెవరూ చెప్పలేదు కదా.

నెలాఖరు రిపోర్టులో ఆ క్లాసు ఎదురుగా "సెషన్ 6: పూర్తయింది" అని టిక్కు పడింది. ఆవిడ అబద్ధమేమీ ఆడలేదు. నేను తయారుచేసిన ఫారంలోనే రెండు గళ్ళున్నాయి: పూర్తయింది, పూర్తి కాలేదు. అప్పటికి నేను బడుల్లో ఈ ప్రోగ్రాం నడిపించే కోఆర్డినేటర్‌గా రెండేళ్ళు చేశాను. ఆ రెండేళ్ళలో పైవాళ్ళకు పంపిన టిక్కుల్లో ఎన్ని ఇలాంటివో అని ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ తర్వాత పదేళ్ళు ఇదే పనిలో ఉన్నాను. ఇప్పుడు కొత్తగా ఈ పనికి దిగే కౌన్సెలర్లకు, కోఆర్డినేటర్లకు నేను చెప్పేది అక్కడి నుంచే మొదలవుతుంది.

మంచి ఉద్దేశం మీద అనుమానం పెట్టుకోండి

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేను చేసినవి అందరూ చేసేవే. పోస్టర్ల పోటీ, ప్రతిజ్ఞ, మత్తు నుంచి బయటపడిన ఒకాయన చేత మీటింగులో ప్రసంగం. ఆయన మాట్లాడుతుంటే పిల్లలు కళ్ళార్పకుండా విన్నారు. కొందరు ఏడ్చారు. నాకు చాలా గొప్పగా అనిపించింది. వారం తర్వాత ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చి, "ఆయన అన్నేళ్ళు తీసుకున్నా బానే ఉన్నాడుగా మేడమ్" అన్నాడు. వాడికి అందిన పాఠం అది.

వాడి మాటను తేలిగ్గా తీసుకోకూడదని తర్వాత చదివినప్పుడు అర్థమైంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1939లో కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అధ్యయనం మొదలైంది. 506 మంది మగపిల్లలను జంటలుగా పోల్చి, లాటరీ వేసి, సగం మందికి ఏళ్ళ తరబడి సలహాదారుల్ని, చదువులో సాయాన్ని, వేసవి శిబిరాల్ని ఇచ్చారు. దాదాపు ముప్ఫై ఏళ్ళ తర్వాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు వాళ్ళ జాడ వెతికి పట్టుకుంది. సాయం అందినవాళ్ళలో చాలామంది "మాకెంతో మేలు జరిగింది" అన్నారు. రికార్డులు తీస్తే తాగుడు, పదేపదే నేరాలు, తొందరగా చావులు సాయం అందని గుంపులో కన్నా వాళ్ళలోనే ఎక్కువున్నాయి. పిల్లల్ని జైలుకు తీసుకెళ్ళి ఖైదీల చేత భయపెట్టించే స్కేర్డ్ స్ట్రెయిట్ కూడా అంతే. ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే, వెళ్ళిన పిల్లలే వెళ్ళనివాళ్ళ కన్నా ఎక్కువ నేరాలు చేశారు. పోలీసులు బడికొచ్చి మత్తుకు వ్యతిరేకంగా పాఠాలు చెప్పే డేర్ 1983లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టి దేశమంతా పాకింది. దానివల్ల హాని పెద్దగా లేకపోయినా, పిల్లల మత్తు వాడకంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 1990లలో ఒకదాని తర్వాత ఒకటిగా అధ్యయనాలు తేల్చాయి. పోలీసులకు, తల్లిదండ్రులకు, పిల్లలకు అందరికీ అది నచ్చింది. నచ్చడం వేరు, పనిచేయడం వేరు.

అందుకే ప్రోగ్రాం ఎంచుకునేటప్పుడు "పిల్లలకు నచ్చిందా" అన్న ప్రశ్న నేను ఆఖర్న అడుగుతాను. ముందు అడిగేవి మూడు. ప్రోగ్రాం అందని పిల్లల్ని పోలిక గుంపుగా పెట్టి పరీక్షించారా? తయారుచేసినవాళ్ళు కాక వేరేవాళ్ళు కూడా పరీక్షించారా? ప్రోగ్రాం అయిపోయి కనీసం ఏడాది గడిచాక కూడా తేడా నిలిచిందా? ఇవన్నీ మీరే వెతుక్కోనక్కర్లేదు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళ బ్లూప్రింట్స్, యూరప్ వాళ్ళ ఎక్స్‌చేంజ్ అనే జాబితాలు ప్రోగ్రాంలను ఇలాగే జల్లెడ పట్టి పెట్టాయి. ఏ వయసుకు ఏ రకం నివారణ పనిచేస్తుందో, ఏది చేయదో ఐక్యరాజ్యసమితి డ్రగ్స్ విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో తెచ్చిన ప్రమాణాల్లో ఉంది. ముందు అది చదవండి, ఒక ఆదివారం చాలు.

చదివితే ఒక ఆశ్చర్యం కూడా దొరుకుతుంది. పనిచేసే నివారణలో కొన్ని మత్తు పేరే ఎత్తవు. గుడ్ బిహేవియర్ గేమ్ 1969 నాటిది. క్లాసులో పిల్లల్ని జట్లుగా చేసి, క్లాసు నియమాలు పాటించిన జట్టును గెలిపించే ఆట, అంతే. బాల్టిమోర్‌లో 1980లలో ఒకటో తరగతిలో అది ఆడిన పిల్లల్ని ఇరవై ఏళ్ళ వయసు దాకా గమనిస్తూ వచ్చారు. ముఖ్యంగా చిన్నప్పుడు బాగా దుడుకుగా ఉన్న మగపిల్లల్లో మత్తుకు బానిసలైనవాళ్ళు తగ్గారు. మా పైఅధికారి ఒకాయన ఇది విని "ఇందులో డ్రగ్స్ గురించి ఒక్క ముక్కా లేదే, దీనికి మన డబ్బెందుకు?" అన్నాడు. ఆయన్ను ఒప్పించడానికి నాకు రెండు మీటింగులు పట్టాయి. అవి వృథా అని ఇప్పటికీ అనుకోను.

ముందు టైంటేబుల్ అడగండి

ప్రోగ్రాం పేరు ఖాయం చేసే ముందే బడి టైంటేబుల్ ముందేసుకుని గంటలు లెక్కపెట్టండి. పన్నెండు సెషన్లంటే కాగితం మీద పన్నెండు వారాలు. పరీక్షలు, సెలవులు, ఆటల పోటీలు, టీచర్ రాని రోజులు తీసేస్తే ఎన్ని మిగులుతాయి? మా మొదటి ఏడాది మిగిలినవి ఎనిమిది. సెషన్ యాభై నిమిషాలని మాన్యువల్ అంటుంది. పీరియడ్ నలభై. పిల్లలు సర్దుకుని కూర్చునేసరికి ముప్ఫై అయిదు. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే మేము సగం బడులతో మొదలుపెట్టేవాళ్ళం. బడుల సంఖ్య ఎక్కువ చూపించాలన్న ఆత్రం నాదే.

నడిపించే మనిషి ఎవరన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. డేవిడ్ ఓల్డ్స్ మొదలుపెట్టిన ఒక కార్యక్రమంలో నర్సులు గర్భిణుల ఇళ్ళకు వెళ్ళి, బిడ్డకు రెండేళ్ళు వచ్చేదాకా తోడుంటారు. డెన్వర్‌లో అదే పనిని కొందరికి నర్సులతో, కొందరికి నర్సింగ్ చదవని శిక్షణ పొందిన కార్యకర్తలతో చేయించి పోల్చారు. మాన్యువల్ ఒకటే, ఇళ్ళకు వెళ్ళే పద్ధతీ ఒకటే. కార్యకర్తలు వెళ్ళిన చోట ఫలితాలు బాగా తగ్గాయి. "మా దగ్గర నర్సులు లేరు, వాలంటీర్లతో కానిద్దాం" అని ఎవరైనా అంటే అప్పుడు మీరు నడిపేది ఇంకో ప్రోగ్రాం అవుతుంది. దానికి రుజువు లేదు. నడపొద్దని అనను. రుజువైనదని మాత్రం చెప్పుకోకండి.

ఏది మార్చవచ్చు, ఏది ముట్టుకోకూడదు

ఎక్కువ గొడవలు జరిగేది ఇక్కడే. ఉన్నదున్నట్టు నడపాలని ఒక పక్షం, మన పిల్లలకు తగ్గట్టు మార్చాలని ఇంకో పక్షం. నేను రెండు వైపులా నిలబడి చూశాను.

మార్చకుండా ఎలాగూ నడవదు. కథల్లో పేర్లు, సందర్భాలు, ఆటలు, బొమ్మలు నిర్భయంగా మార్చండి. పిల్లలు ఎన్నడూ వెళ్ళని పార్టీల గురించి చెబితే వాళ్ళు నవ్వుకుంటారు. కానీ ఏ భాగం వల్ల ప్రోగ్రాం పనిచేస్తోందో అది దాని గుండెకాయ. అది తెలియకుండా కత్తెర పట్టుకోకూడదు. తయారుచేసినవాళ్ళకు రాసి అడగండి, చాలాసార్లు జవాబిస్తారు. ఇవ్వకపోతే ఒక కాగితం మీద ప్రతి సెషన్ ఎదురుగా "దీనివల్ల పిల్లాడిలో ఏం మారాలి?" అన్నదానికి ఒకే వాక్యంలో జవాబు రాయండి. జవాబు "అభ్యాసం" అయితే ఆ సెషన్‌లో సాధన ముట్టుకోకూడనిది. జవాబు "సమాచారం" అయితే కుదించినా పెద్దగా పోయేదేమీ ఉండదు.

నేను చూసినంతలో టైం చాలనప్పుడు దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. ఊపిరితిత్తుల బొమ్మ, నికోటిన్ వివరాలు, చట్టాలు ఎప్పుడూ మిగులుతాయి. జంటల సాధన, చర్చ, ఇంటి దగ్గర చేసుకురావాల్సిన పని ఎగిరిపోతాయి. కారణం సులువే. సమాచారం చెప్పేటప్పుడు క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది. సాధన చేయిస్తే గోల. గోల అంటే టీచర్‌కి పేరు పోతుందన్న భయం.

ఇంకో రకం మార్పు కంటికి కనిపించదు. మా ప్రోగ్రాంలో ఒక సెషన్ మొత్తం ఒక్క విషయానికే. మీ వయసువాళ్ళలో తాగేవాళ్ళు ఎంతమంది ఉంటారని అడిగితే పిల్లలు ఉన్నదానికన్నా చాలా ఎక్కువ చెబుతారు. అసలు లెక్క చూపించి ఆ అపోహ పోగొట్టాలి. ఒక సీనియర్ టీచర్ ఆ సెషన్‌ని చక్కగా నడిపి, చివర సొంతంగా రెండు నిమిషాలు జోడించాడు: "చూశారుగా, ఈ రోజుల్లో పిల్లలంతా పాడైపోతున్నారు, మీరైనా జాగ్రత్త." నలభై నిమిషాలు కట్టింది రెండు నిమిషాల్లో కూలింది. ఆయన ఒక్క అక్షరం కూడా తీసేయలేదు. ఏ చెక్‌లిస్టు పట్టుకుంటుంది దీన్ని?

ఒక దేశంలో రుజువైనది ఇంకో చోట తిరగబడిన సందర్భాలూ ఉన్నాయి. ఏడు యూరప్ దేశాల్లో పరీక్షకు నిలిచిన అన్‌ప్లగ్డ్ అనే మత్తు నివారణ ప్రోగ్రాంని బ్రెజిల్ తన బడుల కోసం తిరగరాసుకుంది. అక్కడి ట్రయల్‌లో ప్రోగ్రాం అందిన పిల్లల్లోనే మద్యం మొదటిసారి ముట్టినవాళ్ళు ఎక్కువ తేలారు. వాళ్ళు దాన్ని దాచలేదు. పాఠాలు సవరించుకుని మళ్ళీ పరీక్షకు పెట్టారు. మొదటి ఏడాది తక్కువ బడులతో, పోలిక పెట్టుకుని నడపమని నేను పట్టుబట్టేది ఇందుకే.

ట్రైనింగ్ అయ్యాక మొదలయ్యేది

రెండు రోజుల ట్రైనింగ్ పెట్టి, సర్టిఫికెట్లిచ్చి, గ్రూప్ ఫొటో దిగితే పని అయిపోయిందని మేమూ అనుకున్నాం. ట్రైనింగ్‌లో అందరూ హుషారుగా నటిస్తారు. ఎదురుగా ఉన్నది తోటి టీచర్లే కదా. యాభై మంది పిల్లల ముందు నిలబడ్డాక ఆ హుషారు ఎక్కడికి పోతుందో తెలియదు.

వాషింగ్టన్ రాష్ట్రంలో నేరాల్లో ఇరుక్కున్న పిల్లల కుటుంబాలకు ఫంక్షనల్ ఫ్యామిలీ థెరపీ ఇచ్చి ఫలితాన్ని 2004లో లెక్కగట్టారు. మొత్తంగా చూస్తే పెద్ద లాభం కనిపించలేదు. థెరపిస్టులను నైపుణ్యాన్ని బట్టి విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. పద్ధతి ప్రకారం చేసినవాళ్ళ దగ్గర పెద్ద నేరాలు మళ్ళీ చేయడం 38 శాతం తగ్గింది. సరిగ్గా చేయనివాళ్ళ దగ్గర తగ్గడం అటుంచి, కొంచెం ఎక్కువే కనిపించింది. అందరికీ ట్రైనింగ్ ఇచ్చారు, మాన్యువల్ ఒకటే. నా దృష్టిలో ఈ మొత్తం రంగంలో ఇంతకన్నా గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క లేదు.

కాబట్టి డబ్బు తక్కువుంటే ట్రైనింగ్ ఒక రోజుకు కుదించి, మిగిలినదాన్ని క్లాసులోకి వెళ్ళి చూసే మనిషి మీద పెట్టండి. ఎలా చూడాలన్నది నేను దెబ్బలు తిని నేర్చుకున్నాను. మొదట్లో ఫైలు పట్టుకుని వెళ్ళేదాన్ని. తనిఖీకి వచ్చానని టీచర్లకు టెన్షన్. నేనున్న రోజు అద్భుతంగా చేసేవాళ్ళు. తర్వాత ఫైలు మానేశాను. ఏ సెషన్‌కి రమ్మంటారో టీచర్‌నే ఎంచుకోమన్నాను. "మీకు కష్టంగా ఉన్నదానికి పిలవండి" అని మాత్రం అడిగాను. క్లాసయ్యాక పది నిమిషాలు, అదే గదిలో, పిల్లలు వెళ్ళాక. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎక్కడ చేయి జారినట్టనిపించింది?" నూటికి తొంభైసార్లు నేను రాసుకున్నదే వాళ్ళూ చెప్పేవాళ్ళు. నేను చూసింది హెడ్మాస్టర్‌కి చెప్పనని ముందే మాటిచ్చేదాన్ని. ఒకసారి ఆ మాట తప్పాను, పొరపాటున, ఎక్కడో మాటల మధ్యలో. ఆ బడిలో నన్ను మళ్ళీ ఎవరూ క్లాసుకు పిలవలేదు.

ప్రతి బడిలో ఇద్దరికి నేర్పండి. ఒకరు బదిలీ అవుతారు, లేదా సెలవు పెడతారు. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు.

ఏం లెక్కపెట్టాలి

ఆ టిక్కుల ఫారం చించేశాక కొత్తదాంట్లో అయిదే ప్రశ్నలు పెట్టాను. ఈ రోజు ఎంతమంది పిల్లలున్నారు? మాన్యువల్‌లోని ఏ పనులు చేయించారు, ఏవి వదిలేశారు? పిల్లలు ఎన్ని నిమిషాలు మాట్లాడారు, మీరు ఎన్ని నిమిషాలు మాట్లాడారు? సొంతంగా ఏం జోడించారు? వచ్చేసారి ఏం మారుస్తారు? వదిలేసినవి రాస్తే తిట్లు పడవని వాళ్ళకు నమ్మకం కుదరడానికి ఒక టర్మ్ పట్టింది. ఆ టర్మ్‌లో మా అంకెలు ఘోరంగా పడిపోయాయి. పైవాళ్ళకు "ప్రోగ్రాం పాడవలేదు, రిపోర్టు బాగుపడింది" అని చెప్పుకోవాల్సి వచ్చింది.

సెషన్లు ఎన్ని జరిగాయన్నది కాదు, ఒక్కో పిల్లాడికి ఎన్ని అందాయన్నది లెక్కపెట్టండి. పన్నెండూ జరిగినా, ఎక్కువ ప్రమాదంలో ఉన్న పిల్లాడే ఎక్కువగా బడి ఎగ్గొడతాడు. గిల్బర్ట్ బొట్విన్ తన లైఫ్ స్కిల్స్ ట్రైనింగ్ అనే నివారణ ప్రోగ్రాంని న్యూయార్క్ రాష్ట్రంలో 56 బడుల్లో పరీక్షించి 1995లో ఫలితాలిచ్చినప్పుడు, ప్రోగ్రాంలో కనీసం 60 శాతం అందిన పిల్లల్లో తేడా మరింత బలంగా కనిపించింది. 2008లో డర్లాక్, డుప్రే అనే పరిశోధకులు 500కు పైగా అధ్యయనాలు తిరగేసి చెప్పింది కూడా దీనికి దగ్గరగానే ఉంది. 60 శాతం దగ్గర కూడా మంచి ఫలితాలు వచ్చాయి, నూటికి నూరు శాతం ఎవరూ అందుకోలేదు, బాగా అమలైన చోట్ల ఫలితం రెండు మూడు రెట్లు. ఇది చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. నూరు శాతం అడిగితే టీచర్లు అబద్ధపు టిక్కులు పెడతారు. గుండెకాయ భాగాలు అందరికీ, మిగతావి వీలైనంత అంటే నిజం రాస్తారు.

ఇక ఫలితం. పిల్లల చేత సర్వే నింపించేటప్పుడు క్లాస్ టీచర్ గదిలో ఉండకూడదు, పేరు రాయించకూడదు. ముందు సర్వేని తర్వాతి దానితో జతచేయడానికి పిల్లాడే తయారుచేసుకునే ఒక కోడ్ చాలు. కవర్‌లో పెట్టి వాళ్ళ చేతనే అంటింపించండి. మేము మొదటిసారి టీచర్ల చేతే పోగుచేయించాం. ఆ జవాబుల ప్రకారం మా బడుల్లో ఒక్కడూ ఏదీ ముట్టలేదు.

ఈ అంకెలు చదవడంలో ఒక పెద్ద గుంట ఉంది. పదమూడేళ్ళ నుంచి పదిహేనేళ్ళకు వచ్చేసరికి వాడకం ఎలాగూ పెరుగుతుంది. ప్రోగ్రాం బాగా పనిచేసినా మీ గ్రాఫ్ పైకే పోతుంది, నెమ్మదిగా పోతుంది అంతే. పోలిక లేకపోతే అది ఓటమిలా కనిపించి, మంచి ప్రోగ్రాంని ఎవరో ఒకరు ఆపేస్తారు. వచ్చే ఏడాది మొదలుపెట్టబోయే బడుల్ని ఈ ఏడాది పోలికగా వాడుకోండి. ఎవరికీ అన్యాయం జరగదు, ఎవరి వంతు వాళ్ళకు వస్తుంది.

రెండో ఏడాది

మొదటి ఏడాది ఉత్సాహం నడిపిస్తుంది. రెండో ఏడాదికి హెడ్మాస్టర్ మారతాడు, నేర్చుకున్న ఇద్దరిలో ఒకరు వెళ్ళిపోతారు, ఇంకో సంస్థ ఇంకో రంగుల పుస్తకంతో వస్తుంది. కొత్త పద్ధతి ఒక చోట నిలదొక్కుకోవడానికి రెండు నుంచి నాలుగేళ్ళు పడుతుందని అమలు మీద పరిశోధన చేసేవాళ్ళు అంటారు. మా బడుల్లో మూడు పట్టింది. నిలిచిన చోట్లన్నిటా ఒకటే కనిపించింది: ఏడాది మొదట్లో టైంటేబుల్ వేసేటప్పుడే సెషన్ల తేదీలు అందులో పడ్డాయి. "వీలున్నప్పుడు పెట్టుకుందాం" అన్న చోట మూడో నెలకే ఆగిపోయింది. ఎంత అందకపోతే ఆపేయాలో కూడా మొదలుపెట్టే రోజే రాసి సంతకాలు పెట్టించండి. మేము రెండు బడుల్లో అలా ఆపేశాం. ఆ టీచర్ల సమయం వేరే పనికి మిగిలింది.

మాన్యువల్ చదివిన ఆ టీచర్ తర్వాతి ఏడాది నన్ను తనే పిలిచింది, అదే ఆరో సెషన్‌కి. మళ్ళీ అదే వెనక బెంచీ. ఈసారి పుస్తకం మూసి పక్కన పెట్టి, ముందు తనే ఒక పిల్లాడితో నటించి చూపించింది. వాడు సిగరెట్ ఇచ్చేవాడు, ఆవిడ వద్దనేది. రెండోసారి వాడు బతిమాలాడు, మూడోసారి వెక్కిరించాడు. క్లాసంతా నవ్వులు. తర్వాత జంటలుగా విడిపొమ్మంది. బెంచీలు జరిపిన చప్పుడుకు పక్క క్లాసు సార్ గుమ్మంలోకి వచ్చి చూసి వెళ్ళాడు. గంట కొట్టేసరికి సగం జంటలే పూర్తి చేశాయి. ఆవిడ ఫారం తీసుకుని నా ముందే రాసింది: "సెషన్ 6: సగం. మిగతా సగం మంది గురువారం చేస్తారు. నేను ఎక్కువ మాట్లాడాను."